బడిపిల్లల తిండిలో పెద్దల పాలు

విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు మాటలాడుటకు గ్రామములకు పోయినప్పుడు, పని ముగిసి లేచుచుండగా ఇంటి యిల్లాండ్రు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యా, మా పిల్లవాడు ఏమి పెట్టినను తినడు. సంగటి గిట్టదు, ఆకుకూర గిట్టదు, పెరుగు గిట్టదు. ఏమి చేయవలెను?" ఇది వ్యవసాయ ప్రదర్శకుని అడుగదగిన ప్రశ్న కాదని పక్కనున్న మగవారు నవ్వుదురు. నాకట్లు తోచదు. ఏ చేనికి ఏ యెరువు ఎంత వేయవలెనో వ్రేళ్లు మడిచి లెక్కించు రైతు, తన బిడ్డ కడుపులోనికి పోవుదానిని మాత్రము వాని యిచ్చకు విడిచిపెట్టి, పిమ్మట "వాని రుచి యట్టిది" అని సరిపెట్టుకొనుచున్నాడు. రుచి పిల్లవానితో పుట్టినది కాదు. దానిలో చాల భాగము మనము నేర్పినదే. ఎట్లు నేర్పితిమో విచారింతము.

పుట్టిన శిశువునకు తీపి యిష్టము, చేదు అయిష్టము. ఇంతవరకు ప్రకృతి ఇచ్చినది. తల్లి తిన్న పదార్థముల వాసనలు కొన్ని గర్భజలమునకును చనుబాలకును చేరుననియు, ఆ వాసనలకు అలవాటుపడిన శిశువు పిమ్మట ఆ పదార్థములను సులువుగా అంగీకరించుననియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అన్నప్రాశనము నాటినుండి తక్కినదంతయు అభ్యాసమే. క్రొత్త కూర నొకదానిని ఎనిమిది పది మారులు రుచి చూచిన తరువాతగాని పిల్లవాడు దానిని తనదిగా నెంచడు. రెండవనాడు ఉమిసినంతనే "వీనికి తోటకూర పడదు" అని తల్లి ఊరంతయు చెప్పుకొన్నచో, ఆ మాటను పిల్లవాడు కూడ వినుచున్నాడు. ఆ దినమునుండి అది వాని బిరుదు. దానిని నిలుపుకొనుట వానికి గౌరవమైపోవును.

పెద్దల మాటకును తోటివారి నడవడికిని గల బలమును దేశాంతరములందు పరీక్షించి చూచిరి. కార్ల్ డంకర్ అను జర్మను మనస్తత్వజ్ఞుడు 1938లో ప్రకటించిన పరిశోధనలో పసిపిల్లలకు ఒక కథ చెప్పబడినది. అందలి వీరుడు ఒక పదార్థమును అసహ్యించుకొనును, మరియొకదానిని ప్రీతితో తినును. కథ విన్న పిల్లలకు రెంటిని పెట్టి చూడగా, వీరుడు మెచ్చినదానినే ఎక్కువమంది కోరిరి. కొన్ని దినములకు ఆ ప్రభావము సన్నగిల్లినమాట నిజమే. కాని ఒక్క కథకే అంత బలమున్నప్పుడు, దినమునకు రెండుమారులు కంచము ముందు వినబడు తండ్రి మాటకు ఎంత బలముండవలెను! అమెరికాలో లియాన్ బర్చ్ అను పండితురాలు 1980లో మరియొక విధముగా చూచినది. ఒక కూరను మెచ్చు బాలుని, వేరొక కూరను మెచ్చు బాలుర నడుమ వరుసగా నాలుగు దినములు భోజనమునకు కూర్చుండబెట్టినది. నాలుగవ దినమునకు అట్టి పిల్లలలో పలువురు తోటివారి కూరనే తీసికొనజొచ్చిరి. ఒంటరిగా నున్నప్పుడును ఆ మార్పు కొంత నిలిచినది.

ఈ సంగతి మనకు పూర్తిగా క్రొత్తది కాదు. పోతన భాగవతము దశమస్కంధమున గోపబాలకులు కృష్ణుని నడుమ నుంచుకొని చల్దులు కుడుచు ఘట్టము తెలియని తెలుగువాడు అరుదు. తోటివారితో కూడి తినునప్పుడు చద్దియన్నమునకు వచ్చు రుచి వేరు. నేను చదివిన మిషను బడి వసతిగృహమున అన్ని కులముల పిల్లలము ఒకే వరుసను కూర్చుండి తినెడివారము. ఇంటివద్ద అది తినము, ఇది ముట్టము అని మారాము చేసినవారు, నెల తిరుగకుండ పక్కవాని కంచము చూచి అన్నియు తినజొచ్చిరి. వంట ఇంటివంటకంటె మేలైనది కాదు. ఆ సంగతి గట్టిగా చెప్పగలను.

ఇక మన ఇండ్ల సంగతి. మెట్టప్రాంతముల యందు మన తాతల కాలమున వరియన్నము పండుగనాటి యన్నము. రాయలసీమయందు సంగటియు కొర్రయన్నమును, తెలంగాణమున జొన్నగటకయు అంబలియు, ఉత్తర జిల్లాలలో చోడియంబలియు నిత్యాహారములు. వియ్యంకుడు వచ్చినప్పుడో, ఉద్యోగి వచ్చినప్పుడో వరిబియ్యము పొయ్యి నెక్కెడిది. అనగా బిడ్డ దృష్టిలో తెల్లయన్నము మర్యాదకు గుర్తు, సంగటి లేమికి గుర్తు. 1983లో నందమూరి తారకరామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చు పథకమును ప్రారంభించిన తరువాత ఆ మర్యాద ప్రతి యింటికిని నిత్యము అందుబాటులోనికి వచ్చెను. దానివలన ఎన్నో కుటుంబముల ఆకలి తీరినది. ఆ మేలును తక్కువచేసి చెప్పువాడు ఆకలి నెరుగనివాడు. అయినను దానితోపాటు జొన్న, రాగి, కొర్ర ధాన్యములు కంచమునుండి తప్పుకొన్నవి. వాటిని పండించు రైతులును వాటిని అంగడికి తోలి ఇంటికి సన్నబియ్యము తెచ్చుకొనుచున్నారు.

ఇటీవల ఈ ధాన్యములు మరల ఇంటికి వచ్చుచున్నవి. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. పట్టణములలో వానికి ధరయు పెరిగినది. కాని అవి మన ఇండ్లకు ఏ ద్వారమున వచ్చుచున్నవో గమనింపుడు. తాతకు చక్కెరవ్యాధి వచ్చినది. వైద్యుడు చెప్పగా ఆయనకు మాత్రము వేరుగా రాగిసంగటి కెలికి పెట్టుచున్నారు. ఆయన ముఖము ముడుచుకొని, "ఏమి చేయుదును, నా కర్మము" అని మ్రింగుచున్నాడు. ఎదుట కూర్చుండి వరియన్నము తినుచున్న మనుమనికి దీనివలన కలుగు జ్ఞానమేమి? సంగటి ఒకప్పుడు బీదవాని తిండి, ఇప్పుడు రోగి తిండి. పదేండ్ల వాడు బీదవాడు గాను, రోగి గాను ఉండగోరునా?

రాగులన్నను, చోళ్ళన్నను, తైదలన్నను గింజ యొకటే. నూరు గ్రాముల రాగులలో మూడువందల నలుబది మిల్లీగ్రాములకు పైగా సున్నము కలదు. అంతే తూకము గల తెల్లబియ్యములో అది పది మిల్లీగ్రాముల ప్రాంతము. కూనూరున 1918లో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థవారి పట్టికలలో ఇది ఎవరైనను చూచుకొనవచ్చును. ఎముకలు పెరుగు వయస్సున ఈ తేడా చిన్నది కాదు. కాని ఈ లెక్కను పిల్లవానికి చెప్పిన ప్రయోజనము లేదు. వానికి కావలసినది లెక్క కాదు, తండ్రి కంచములో అదే వస్తువు కనబడుట.

సజ్జల విషయమున మరియొక చిక్కు కలదు. ఇందులో తప్పు పిల్లలది కానేకాదు. సజ్జలలో నూనె యెక్కువ. పిండి పట్టించిన కొలదిదినములకే అది కమురు వాసన పట్టి చేదెక్కును. మనవారు మరకు పోవుట శ్రమయని నెలకు సరిపడు పిండి ఒక్కమారే పట్టించి డబ్బాలో పోయుచున్నారు. మొదటివారము రొట్టె కమ్మగా నుండును. మూడవ వారము రొట్టెను పెద్దలు అలవాటుకొలది తిందురు, పిల్లలు త్రోసివేయుదురు. పిల్లల నాలుకయే అక్కడ సరియైన పరీక్ష చేసినది. వారమునకు సరిపడినదే పట్టించుకొని, గింజను గింజగానే ఉంచుకొనవలెను. రాగులకు ఈ బెడద తక్కువ, గింజ యేండ్ల తరబడి నిలువయుండును.

ఇప్పుడు మన సంఘమునకు నేరుగా తగులు మాట. తెల్లవారుజామున పాలకేంద్రము వద్దకు క్యానులు వచ్చును. వెన్న శాతమును బట్టి ధర గదా. కావున తొలిధార పాలు, కడపటిధార పాలు అను భేదము లేక ఉన్నదంతయు క్యానులోనికే పోవును. గిన్నె కడిగిన నీళ్లవంటి కొలదిపాలు మిగిలిన, అవి టీలోనికి. ఆ టీలో బడిపిల్లవాడు రెండు బిస్కత్తులో ఒక రస్కో ముంచుకొని తిని, పుస్తకముల సంచి తగిలించుకొని పోవును. పగటి భోజనము వరకు వాని కడుపున నున్నది అంతే. బఱ్ఱెలు రెండున్న యింట ఈ దృశ్యము నేను చూచినన్ని మారులు పాడిలేని యింట చూడలేదు. ఆ బిస్కత్తు పొట్లములు రెండింటి వెల యించుమించు పావు లీటరు పాలకు సరిపోవును. కోడిగ్రుడ్ల సంగతియు ఇట్టిదే. పెరటికోడి గ్రుడ్లకు పట్టణమున మంచి గిరాకి యున్నదని గంపకెత్తి పంపుచున్నాము. ఒక్కొక్క గ్రుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులున్నవి.

టీ విషయమై ఇంకొక మాట. అందలి వగరు పదార్థము ఆహారములోని ఇనుమును దేహమునకు పట్టనీయదు. భోజనమునకు గంట ముందుగాని, గంట తరువాతగాని టీ కాఫీలు త్రాగరాదని భారత వైద్య పరిశోధన మండలివారు 2024లో వెలువరించిన ఆహార సూత్రములలో చెప్పిరి. నిమ్మ, ఉసిరిక, జామ ఇందుకు ఎదురుగా పనిచేసి ఇనుము ఒంటబట్టుటకు తోడ్పడును. కంచములో ఆకుకూర, చేతిలో టీ గ్లాసు ఉన్నచో ఆకుకూర వండిన శ్రమలో చాల భాగము వ్యర్థము.

ఇల్లాండ్రను నిందించుట నా యుద్దేశము కాదు. నాట్ల కాలమున ఏడు గంటలకే చేనిలో నుండవలసిన తల్లి, సంగటి కెలికి, కూర వండి, పిల్లలను లేపి తినిపించి పోవుట యెట్లు? ఐదు రూపాయల పొట్లము ఆమెకు అరగంట మిగుల్చుచున్నది. ఆ అరగంటను మగవారు పంచుకొనిననాడు పొట్లము అక్కరలేదు. చేతితో పని చేయకపోయినను, కంచము ముందు కూర్చుండి "ఈ పూట ఇదేనా?" అని మూతి విరువకుండుట యైనను మగవారికి సాధ్యమే కదా. ఆ ఒక్కమాటతో పిల్లలందరి చేతులును కూరనుండి వెనుకకు పోవును. ఇంటింట ఇది నడుచుచున్న కథ.

వడ్డన వరుసయు పిల్లలకు ఒక పాఠమే. ముందు మగవారు, పిమ్మట మగపిల్లలు, గిన్నె అడుగున మిగిలినది తల్లికిని కూతురికిని. ముక్కలు మొదటివారికి, పులుసు చివరివారికి. అక్కరకు మించి అడుగుట ఆడుపిల్లకు తగదని ఎవరును నోరు విప్పి చెప్పనక్కరలేదు, వరుసయే చెప్పును. 2016 మొదలు 2018 వరకు దేశమంతట జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార పరీక్షలో, పది మొదలు పందొమ్మిది యేండ్ల వయసు ఆడుపిల్లలలో నూటికి నలుబదిమంది రక్తహీనతతో నుండగా, ఆ వయస్సు మగపిల్లలలో నూటికి పదునెనమండుగురు మాత్రమే అట్లుండిరి. నెలనెలకు పోవు రక్తము ఇందుకొక ముఖ్యకారణము. కాని పోవుదానికి తగినట్లు ఎక్కువ పెట్టవలసినచోట తక్కువ పెట్టుట మన వడ్డనలోని లోపమే. ఇదే పిల్ల మరి కొన్నియేండ్లకు మరియొక బిడ్డకు తల్లి.

పిల్లలచేత తినిపించుటకు మనము చేయు ఉపాయములు రెండు. ఒకటి లంచము, రెండవది సెల్లుఫోను. "పప్పన్నము తిన్నచో చాక్లెట్టు ఇత్తును" అని చెప్పినప్పుడు, పప్పు శిక్షయనియు చాక్లెట్టు బహుమానమనియు మనమే చాటి చెప్పుచున్నాము. ఇట్టి బహుమానములవలన, తినిపించదలచిన పదార్థముపై ప్రీతి తగ్గి, బహుమానముగా నిచ్చిన దానిపై పెరుగునని పైన చెప్పిన బర్చ్ మొదలగువారు పరీక్షించి చూపిరి. ఇక ఫోను. పూర్వము అవ్వ గోరుముద్దలు కలిపి, చందమామను చూపుచు, కథ చెప్పుచు తినిపించెడిది. అప్పుడును పిల్లవాని దృష్టి అన్నముపై లేదుగదా అని కొందరందురు. కాని అవ్వ కథ చెప్పుచు పిల్లవాని ముఖము చూచుచుండెడిది. ఎప్పుడు చాలునో ఆమెకు తెలియును. ఫోనుకు తెలియదు. పిల్లవాడు ఏమి తినుచున్నాడో, ఎంత తినుచున్నాడో వానికిని తెలియదు.

ఇల్లు దాటిన తరువాత బడి. 1920లో చెన్నపట్టణ పురపాలక సంఘమునకు అధ్యక్షుడైయున్న తెలుగువాడు పిట్టి త్యాగరాయ చెట్టి, థౌజండ్ లైట్సు ప్రాంతపు బడిలో పిల్లలకు ఫలాహారము పెట్టించుటకు తీర్మానము చేయించినది మొదలు ఈ యేర్పాటునకు పెద్ద చరిత్రయే కలదు. సర్వోన్నత న్యాయస్థానము 2001 నవంబరు 28న బడిలో వండిన భోజనము పెట్టవలెనని ఆజ్ఞాపించెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అది 2003 జనవరి నుండి అమలులోనికి వచ్చినది. ప్రాథమిక తరగతుల పిల్లకు ఒక పూటకు 450 కెలొరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, పై తరగతుల పిల్లకు 700 కెలొరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు ఉండవలెనని నియమము. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశపు బడులలో రాగిజావయు ప్రవేశపెట్టబడినది. ఇంట ముట్టని రాగిని బడిలో వరుసగా కూర్చుండి త్రాగు పిల్లలను నేను చూచియున్నాను. బెల్లము తీపి కొంత కారణము. పక్కవాడు త్రాగుచుండుట అంతకంటె పెద్ద కారణము.

ఈ మంచి వరుసను చెరుపువారు కూడ పెద్దలే. "బడియన్నము బీదల యన్నము, నీవు ఇంటికి రమ్ము" అని కొందరు. వంటమనిషి కులమడిగి పిల్లలను లేపుకొనిపోవువారు మరికొందరు. వంటపనికి దళితులను నియమించుటయందు మొగ్గుచూపవలెనని 2004 ఏప్రిల్ 20న సర్వోన్నత న్యాయస్థానమే చెప్పవలసివచ్చెననిన, మన వరుసలలో ఎంత వంకర యున్నదో తెలియుచున్నది. వేడియన్నమును పిల్లవాని ముందునుండి లాగివేయు తండ్రి, వాని కడుపునకు చేయు నష్టము ఒక పూటది. వాని మనస్సునకు చేయు నష్టమునకు పూటల లెక్క లేదు. ఉపాధ్యాయుడు అదే వరుసను కూర్చుండి అదే యన్నము తినుచున్న బడులలో ఇట్టి పేచీలు నాకు కనబడలేదు.

బడి గేటు ముందరి అంగడిని గూర్చి చాలమంది నాతో మొరపెట్టుకొనిరి. కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన తినుబండారములను బడి ఆవరణలోను, దాని చుట్టు యాబది మీటర్ల లోపలను అమ్మరాదని 2020లో ఆహార భద్రతా సంస్థవారు నియమము చేసిరి. గ్రామములో ఎవరు కొలిచి చూతురు? అంగడివాడును మనవాడే. ఉడికించిన వేరుసెనగకాయలు, జామపండ్లు, నువ్వులయుండలు అమ్ముడుపోవునని నమ్మకము కలిగిన వాడును అవే పెట్టును. పిల్లల చేతికి డబ్బులిచ్చి పంపువారు మనమే.

మన సంఘము చేయదగిన పనులు పెద్దవి కావు. మహాజన సభనాడు చల్లని పానీయపు సీసాలు, బిస్కత్తు పొట్లములు పంచుట మన మర్యాద అయిపోయినది. తండ్రుల వెంట వచ్చిన పిల్లలు, గౌరవనీయులకు ఏమి పెట్టుదురో అక్కడ నేర్చుకొనుచున్నారు. వచ్చు సభకు సభ్యుల చేలలో పండిన వేరుసెనగలు ఉడికించి, రాగిజావయో మజ్జిగయో ఇచ్చిన చాలును. అధ్యక్షులవారు మొదట త్రాగవలెను. పాలకేంద్రమునకు క్యాను బయలుదేరకముందే బిడ్డకొక గ్లాసు చొప్పున కొలిచి ఇంట ఉంచుకొనుడు. పాలకేంద్రపు లెక్కలో ఆ తగ్గుదల కనబడినను సంఘమునకు నష్టము లేదు. రబీ ధాన్యము అమ్మునప్పుడు ఇంటికి ఎంత ఉంచవలెనో తూకమునకు ముందే ఇల్లాలిని అడుగుడు. తూకమైన తరువాత అడిగిన ఆమె ఏమి చెప్పును?

ఇక పెరడు. తొలకరి వానలు పడగానే మునగ పెట్టుటకు మంచి అదను. ఏటి రకమైన పి.కె.యం.-1 విత్తనముతో మొలచునది, ఆరు నెలలకే కాపునకు వచ్చును. మూరెడు పొడవు, వెడల్పు, లోతు గల గోతిని పశువుల ఎరువు కలిపిన పైమట్టితో నింపి, గోతికి రెండు విత్తుల చొప్పున పెట్టి, బలమైన మొలకను ఉంచి రెండవదానిని తీసివేయవలెను. చెట్టునకు చెట్టునకు రెండున్నర మీటర్ల ఎడముండవలెను. నీరు నిలువరాదు. మొక్క రెండున్నర అడుగుల యెత్తు పెరుగగానే చివర త్రుంచినచో కొమ్మలు వేసి, ఆకు చేతికందునట్లుండును. గోయి త్రవ్వుట పెద్దలు చేయుడు. విత్తులు మాత్రము బడిపిల్లలచేత పెట్టించి, నీళ్లు పోయు పనియు తొలి ఆకు కోయు పనియు వారికే విడువుడు. తన చెట్టు ఆకు పప్పులో పడిననాడు వాడు ఎంత తినునో చూచి, వచ్చిన నెలలో నాకు చెప్పుడు.